జీర్ణ గ్రంథానికి వీడ్కోలు: ఉత్తరాంధ్రలో శిథిల బైబిలు ప్రతుల గతి - ఒక చారిత్రక పరిశీలన

సారాంశం

చదివి చదివి చిరిగిపోయిన బైబిలు ప్రతిని ఏం చేయాలన్నది తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్న. ప్రొటెస్టెంటు సంప్రదాయంలో దీనికి ప్రత్యేకమైన క్రతువు లేదు. అయినా తెలుగువారు ఆ ప్రతిని చిత్తుకాగితంగా చూడరు. ఈ మర్యాదకు మూలం క్రైస్తవ సిద్ధాంతం కంటే తెలుగునాట అంతకు ముందే ఉన్న గ్రంథ సంస్కృతి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తాళపత్ర సంప్రదాయంలో పాత ప్రతిని విడిచిపెట్టే ముందు కొత్త ప్రతి రాసుకోవడం ఆదర్శం. అచ్చు గ్రంథం విషయంలో ఆ తొలి మెట్టు జారిపోయి, చివరి మెట్టు మాత్రమే మిగిలింది. దానివల్ల తెలుగు వచన చరిత్రకు కలుగుతున్న నష్టాన్ని బుచ్చయ్యపేట పరిసర ప్రాంతం నేపథ్యంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: జీర్ణ గ్రంథం, తెలుగు బైబిలు, తాళపత్రం, జీర్ణోద్ధరణ, గెనీజా, పాఠచరిత్ర, బుచ్చయ్యపేట

1. ఉపోద్ఘాతం

గ్రంథం ఎప్పుడు పుట్టింది, ఎవరు రాశారు, ఏ ప్రతిలో ఏ పాఠం ఉంది అన్న ప్రశ్నల మీద తెలుగులో విస్తారమైన పరిశోధన జరిగింది. గ్రంథం ఎలా ముగుస్తుంది అన్న ప్రశ్నకు అంత ఆదరణ దక్కలేదు. చెదలు తిన్న తాటాకు కట్ట, కుట్టు ఊడిన అచ్చు పుస్తకం చివరికి ఎక్కడికి చేరాయన్నది కూడా పాఠచరిత్రలో భాగమే. ఇవాళ మన చేతిలో ఉన్న ప్రతుల సంఖ్యను నిర్ణయించింది రాసినవారు మాత్రమే కాదు, విడిచిపెట్టినవారు కూడా.

ఈ కోణంలో బైబిలు ప్రత్యేకంగా గమనించదగినది. తెలుగునాట సాధారణ కుటుంబాల్లోకి విస్తృతంగా చేరిన అచ్చు వచన గ్రంథాల్లో అది ముఖ్యమైనది. అక్షరాస్యత కొత్తగా అందిన ఇళ్లలో అనేకచోట్ల అదే మొదటి పుస్తకం. రోజూ చదవడం వల్ల త్వరగా అరిగిపోయేదీ అదే. పవిత్రమైనది గనుక పారవేయడానికి వీలు లేనిదీ అదే. వాడకం, పవిత్రత అనే ఈ రెండు గుణాల మధ్య ఒత్తిడి నుంచే వీడ్కోలు సమస్య పుడుతుంది.

2. ప్రాంతం, గ్రంథం: చారిత్రక నేపథ్యం

బుచ్చయ్యపేట చోడవరం ప్రాంతంలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, పునర్విభజన తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ మండలంలోని వడ్డాది, శాసనాల్లో ఒడ్డాదిగా కనిపించే మత్స్యవంశ పాలకుల స్థానం. ఆ వంశానికి చెందిన అర్జునుని దిబ్బిడ తామ్రశాసనం శకం 1191, అంటే క్రీ.శ. 1269 నాటిది. రాగిరేకు మన్నులో శతాబ్దాలు నిలుస్తుంది. దాని తరువాత ఈ నేల చూసిన రాతసామగ్రి తాటాకు, కాగితం. ఈ రెండూ కాలానికి లొంగేవే.

తెలుగు బైబిలు చరిత్రకు విశాఖ తీరంతో దగ్గరి బంధం ఉంది. అంతకు ముందే బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసులో తెలుగు అనువాదం చేశాడు. అది అచ్చు కాకుండా రాతప్రతిగానే ఉండిపోయింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఆగస్టస్ డిగ్రాంజెస్, జార్జి క్రాన్ విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే విద్వాంసుని సహాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో మరణించారు. వారి కృషి ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. విశాఖలోనే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. అదే ఏడు సేరంపూరు నుంచి విలియం కేరీ బృందం వేరొక తెలుగు కొత్త నిబంధనను ప్రకటించింది. 19వ శతాబ్ది మధ్యభాగంలో విశాఖలోని జాన్ హే మొదలైనవారు పాఠాన్ని సంస్కరించారు. ఆ తరువాత కూడా సంస్కరణలు కొనసాగాయి.

ఈ వరుస చెప్పడానికి కారణం ఉంది. "తెలుగు బైబిలు" అని ఏకవచనంలో అంటున్నాం గాని, చారిత్రకంగా అది అనేక పాఠాల సముదాయం. అనువాదకులు మారారు, సహకరించిన పండితులు మారారు, లిపి పద్ధతులు మారాయి. ఒక ముద్రణ అరిగిపోయి మరొకటి ఇంట్లోకి వచ్చినప్పుడు వచ్చేది అదే పుస్తకం కాకపోవచ్చు. ఈ వ్యాసంలోని వాదానికి ఇదే ఆధారం.

3. తాళపత్ర సంప్రదాయంలో వీడ్కోలు

తాటాకు గ్రంథానికి ఆయుర్దాయం పరిమితమని మన పూర్వులకు తెలుసు. ఆకు పెళుసెక్కుతుంది, పురుగు తొలుస్తుంది, చెమ్మకు అంటుకుపోతుంది. నూనె రాయడం, మసి పూసి అక్షరాలు తేల్చడం, పలకల మధ్య బిగించి గుడ్డలో చుట్టడం వంటి జాగ్రత్తలు దాని ఆయుష్షును పొడిగిస్తాయి. లేఖకులు గ్రంథాంతంలో రాసే సంప్రదాయ శ్లోకాలు కూడా ఈ మాటే చెబుతాయి. నడుము, మెడ వంగిపోయేలా కష్టపడి రాశానని, నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి, మూర్ఖుని చేతి నుంచి కాపాడమని గ్రంథమే వేడుకొంటున్నట్లు వాటిలో ఉంటుంది.

జాగ్రత్తకు లొంగనంతగా ప్రతి చెడినప్పుడు దాని నుంచి కొత్త ప్రతి రాసుకుని, పాతదాన్ని నదిలోనో చెరువులోనో విడవడం భారతదేశంలో అనేక ప్రాంతాల్లో ఉన్న ఆచారం. ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది పాఠాన్ని దాటించడం. రెండవది దేహాన్ని విడవడం. ఆగమ సంప్రదాయంలోని జీర్ణోద్ధరణ తీరు కూడా ఇలాంటిదే. శిథిలమైన బింబంలోని శక్తిని ముందు కలశంలోకి ఆవాహన చేసి, ఆ తరువాతే బింబాన్ని తొలగిస్తారు. రాతి బింబాన్ని లోతైన నీటిలో విడవడం, కొయ్య బింబాన్ని అగ్నికి ఇవ్వడం శాస్త్రంలో కనిపించే పద్ధతులు. ఉత్తరాంధ్రకు పొరుగైన పూరీలో జరిగే నవకళేబరోత్సవం ఇందుకు ప్రత్యక్ష నిదర్శనం. 2015లో జరిగినప్పుడు కూడా పాత దారుమూర్తుల నుంచి బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తుల్లోకి మార్చిన తరువాతే పాతవాటిని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేశారు. దైతాపతులు ఆ మూర్తులకు బంధువుల్లా అశౌచం పాటిస్తారు.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ క్రమం ఒక్కటే: దాటించిన తరువాతే విడవడం. దాటించకుండా విడవడాన్ని మన సాహిత్య స్మృతి అపచారంగానే గుర్తుంచుకుంది. పోతన భాగవతాన్ని సర్వజ్ఞ సింగభూపాలుడు అంకితం కోరాడనీ, పోతన ఒప్పుకోకపోతే కోపంతో దాన్ని భూమిలో పాతించాడనీ, బయటికి తీసేసరికి కొంత భాగం శిథిలమైందనీ ఒక ఐతిహ్యం ఉంది. బొప్పరాజు గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ కొన్ని స్కంధాలను పూరించడానికి ఈ కథను కారణంగా చెబుతారు. దీని చారిత్రకత సందేహాస్పదమే కావచ్చు. కానీ మట్టిలోకి వెళ్లిన గ్రంథంలో తిరిగి రానిది ఏదో ఉంటుందన్న భయం ఆ కథలో స్పష్టంగా ఉంది.

మూడో దారి భద్రపరచడం. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో చాలాకాలం చదివేవారు లేకుండా ఉండిపోయాయి. 20వ శతాబ్దిలో వాటి పరిష్కరణ, ప్రకటన జరిగేదాకా ఆ వాఙ్మయంలో చాలాభాగం లోకానికి తెలియదు. గౌరవంతో మూసిన గది పరిశోధనకు తెరిచిన గది అయింది.

4. మత సంప్రదాయాల్లో జీర్ణ ప్రతి

యూదు సంప్రదాయంలో దైవనామం రాసిన పత్రాన్ని నాశనం చేయరాదు. ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయాన్ని ఇందుకు ఆధారంగా చూపుతారు. అందువల్ల చెడిన ప్రతులను గెనీజా అనే గదిలో దాచి, తరువాత భూస్థాపితం చేయడం వారి ఆచారం. పాత కైరోలోని బెన్ ఎజ్రా సమాజ మందిరంలో ఆ చివరి పని పూర్తిగా జరగలేదు. శతాబ్దాల కాగితం గదిలోనే ఉండిపోయింది. 1896-97లో సాలమన్ షెక్టర్ అక్కడి నుంచి కేంబ్రిడ్జికి తరలించిన సేకరణలో సుమారు 1,93,000 శకలాలు ఉన్నాయి. అందులో లేఖనాలతో పాటు వర్తకుల ఉత్తరాలు, లెక్కలు, వివాహ ఒప్పందాలు దొరికాయి. 12వ శతాబ్దిలో మంగళూరులో నివసించిన అబ్రహాం బెన్ యీజూ అనే వర్తకుని వ్యవహారాలు మనకు తెలిసింది ఆ కాగితాల వల్లనే. దాచినవారికి చరిత్ర రాయాలన్న ఉద్దేశం లేదు. అక్షరం పట్ల మర్యాద మాత్రమే ఉంది.

ముస్లిం సంప్రదాయంలో చెడిన ఖురాను ప్రతిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పూడ్చడం, లేదా నీటిలో విడవడం వాడుక. సిక్కులు గురు గ్రంథ సాహిబ్ జీర్ణ ప్రతులను మర్యాదపూర్వకంగా అగ్నికి సమర్పిస్తారు. ఆశీర్వదించిన వస్తువులు పాడైనప్పుడు కాల్చడం గాని పూడ్చడం గాని కతోలిక సంప్రదాయంలో కనిపిస్తుంది. ప్రొటెస్టెంటు సంప్రదాయంలో మాత్రం పవిత్రత వాక్యానిదే తప్ప కాగితానిది కాదు. అందుచేత ప్రత్యేక విధి అవసరపడలేదు.

బైబిలులోనే ఈ విషయానికి దగ్గరైన రెండు ఘట్టాలున్నాయి. యిర్మీయా 36వ అధ్యాయంలో యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోయించి కుంపటిలో వేయిస్తాడు. ప్రవక్త చెప్పగా బారూకు మళ్లీ రాస్తాడు. రెండో ప్రతిలో అదనపు మాటలు కూడా చేరతాయి. రాజులు రెండవ గ్రంథం 22వ అధ్యాయంలో మందిరం మరమ్మతు సమయంలో హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరుకుతుంది. అది విన్న యోషీయా రాజు బట్టలు చించుకుంటాడు. మొదటి ఘట్టంలో నాశనమైన ప్రతి స్థానంలో వచ్చింది అచ్చంగా అదే ప్రతి కాదు. రెండవ దానిలో మరుగున పడిన పాత ప్రతి ఒక రాజ్యపు గమనాన్నే మార్చింది. ఈ రెండింటినీ పాఠచరిత్రకారుడు తన పాఠాలుగా చదువుకోవచ్చు.

5. తెలుగు ఇళ్లలో ఆచారం

సిద్ధాంతం కాగితాన్ని వదిలేసినా, తెలుగు క్రైస్తవులు వదల్లేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం తెలుగునాట మతంతో నిమిత్తం లేని అలవాటు. బైబిలును నేలమీద పెట్టకపోవడం, దానిమీద మరో వస్తువు ఉంచకపోవడం, గుడ్డసంచిలో లేదా జిప్పు కవరులో గుడికి తీసుకువెళ్లడం దాని కొనసాగింపే. తాళపత్ర కట్టకు చుట్టిన గుడ్డకూ, ఈ కవరుకూ పని ఒకటే.

చిరిగిన ప్రతి విషయంలో వాడుకలో ఉన్న దారులు నాలుగు. మొదటిది మరమ్మతు: మళ్లీ కుట్టించి కొత్త అట్ట వేయించడం. రెండవది ఇంట్లోనే పెట్టె అడుగునో అటక మీదో ఉంచడం. మూడవది మరణించిన వ్యక్తి చదివిన బైబిలును ఆయనతో పాటు పెట్టెలో ఉంచి సమాధి చేయడం. నాలుగవది శుభ్రమైన చోట పూడ్చడం, కాల్చడం లేదా నీటిలో విడవడం. వీటిలో మూడవ దానికి ప్రత్యేకమైన భావబలం ఉంది. ఒక మనిషి జీవితకాలం గీతలు గీసుకుంటూ, వేలి మరకలతో అంచులు నల్లబరిచిన పుస్తకం ఆ మనిషి దేహంలో భాగంలా భావించబడుతుంది. దాన్ని వేరొకరు వాడడం కంటే ఆయనతో పంపడమే న్యాయమని కుటుంబం తలుస్తుంది.

ఈ ఆచారాలను తెలియనితనంగా కొట్టివేయడం సరికాదు. క్రైస్తవం తెచ్చిన అచ్చు గ్రంథాన్ని తెలుగు సమాజం తన పాత గ్రంథ మర్యాదలోకి ఇముడ్చుకున్న తీరుకు ఇవి సాక్ష్యాలు. మతాంతర చరిత్రలో సిద్ధాంతాల మార్పు గురించే ఎక్కువగా చర్చిస్తాం. చేతుల అలవాట్లు మారకుండా నిలిచిన చోట్లు కూడా అంతే విలువైన ఆధారాలు.

6. అచ్చు ప్రతితో పోయేదేమిటి

అయితే తాళపత్ర క్రమంలోని మొదటి మెట్టు ఇక్కడ ఏమైంది? అచ్చు పుస్తకాన్ని ఎవరూ ఎత్తిరాయనక్కర్లేదు. దుకాణంలో కొత్తది దొరుకుతుంది. పాఠం ఎలాగూ భద్రంగా ఉందన్న నమ్మకంతో పాత ప్రతిని విడిచిపెడతారు. ఆ నమ్మకం మూడు విధాల తప్పుతుంది.

మొదటిది భాషకు సంబంధించినది. ముద్రణ నుంచి ముద్రణకు పదాలు, సంధులు, లిపి పద్ధతులు మారాయి. సమాజాన్ని బట్టి కూడా పదం మారుతుంది. ప్రొటెస్టెంట్లు 'బాప్తిస్మము' అన్నదాన్ని కతోలికులు 'జ్ఞానస్నానము' అంటారు. ఏ తరం ఏ పదంతో ప్రార్థించిందో చెప్పగలిగేది ఆ తరం చదివిన ప్రతే. వచన వికాసాన్ని చిన్నయసూరి, వీరేశలింగం మీదుగా చదువుకునే మనం, వేలాది ఇళ్లలో గట్టిగా చదివిన మరో వచనాన్ని తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

రెండవది చేతిరాతకు సంబంధించినది. కుటుంబ బైబిలు ఖాళీ పుటల్లో పుట్టిన తేదీలు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకోవడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. తెలుగు ఇళ్లలోనూ ఉంది. అంచుల్లో ప్రసంగ వాక్యాల గుర్తులు, పాటల మొదటి పాదాలు, ప్రార్థన కోరిన పేర్లు ఉంటాయి. వేరే దస్తావేజులు లేని కుటుంబాలకు, ముఖ్యంగా దళిత కుటుంబాలకు, ఇది సొంత చేతితో రాసుకున్న తొలి చరిత్ర కావచ్చు. కొత్త ప్రతి కొన్నప్పుడు అచ్చు వాక్యం దాటుతుంది గాని ఈ రాత దాటదు.

మూడవది వస్తువుకు సంబంధించినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి కొయ్యగుజ్జు కాగితం చవకగా వ్యాపించింది. అందులోని ఆమ్లం వల్ల అది పసుపు రంగుకు తిరిగి పొడిపొడి అవుతుంది. అంతకు ముందరి గుడ్డపీలికల కాగితం మీద అచ్చయిన ప్రతులు దానికంటే మన్నికైనవి. అందుచేత మరీ పాత ప్రతుల కంటే మన తాతల నాటి చవక ముద్రణలకే ప్రమాదం ఎక్కువ. సముద్రపు గాలి, చెదలు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. ఈ ప్రతులు పురాతనమైనవి కావు గనుక గ్రంథాలయాలు పట్టించుకోవు. పనికిరానంతగా చెడినవి గనుక ఇళ్లు విడిచిపెడతాయి.

7. ఒక ప్రతిపాదన, కొన్ని ఆక్షేపణలు

సి.పి. బ్రౌన్ శిథిల తాళపత్రాలను సేకరించడంతో ఆగలేదు. పండితుల చేత పోల్పించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. దాటించడం అనే మెట్టును ఆయన ఒక వ్యవస్థగా నడిపాడు. జీర్ణ బైబిలు ప్రతుల విషయంలో ఆ పని చాలా తక్కువ ఖర్చుతో సాధ్యం. వీడ్కోలుకు ముందు ముఖపుట, ముద్రణ వివరాలున్న పుట, చేతిరాత ఉన్న పుటలన్నీ ఛాయాచిత్రాలు తీయడం, ప్రతి ఏ ఊరిది, ఏ సంఘానిది అన్న రెండు మూడు వాక్యాలు నమోదు చేయడం చాలు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు తమ పరిశోధక విద్యార్థుల చేత సొంత మండలాల్లో ఈ పని చేయించవచ్చు. ఆ తరువాత ప్రతిని ఏ రీతిగా సాగనంపాలన్నది కుటుంబం నిర్ణయం.

దీనికి ఆక్షేపణలు రావచ్చు. కుటుంబ పుటలు వ్యక్తిగతమైనవి, పరిశోధకునికి వాటి మీద హక్కు ఏమిటన్నది మొదటిది. ఇది న్యాయమైన ఆక్షేపణ. ఛాయాచిత్రాలు ముందుగా కుటుంబానికే చెందాలి. పరిశోధనకు ఇవ్వడం, ఇవ్వకపోవడం వారి ఇష్టం. అంచుల్లో రాసుకున్న ప్రార్థనలు లోకం కోసం రాసినవి కావు. అన్నింటినీ దాచడం అసాధ్యమన్నది రెండవది. అదీ నిజమే. దాచమని ఈ వ్యాసం కోరడం లేదు, చదివి విడవమంటోంది. పాత ప్రతులను సేకరించి భద్రపరిస్తే సరిపోదా అన్నది మూడవది. తండ్రితో పాటు ఆయన బైబిలును సమాధి చేయదలచిన కుమారుని చేతి నుంచి పుస్తకాన్ని అడిగి తీసుకోవడం పరిశోధన కాదు, అమర్యాద. ఆచారాన్ని అడ్డుకోకుండా, దానిలో జారిపోయిన మెట్టును తిరిగి చేర్చడమే సబబు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. చిరిగిన బైబిలు పట్ల తెలుగు క్రైస్తవులు చూపే మర్యాద తాళపత్ర యుగం నుంచి వచ్చిన గ్రంథ సంస్కృతికి కొనసాగింపు. ఆ సంస్కృతిలో పాఠాన్ని దాటించడం, దేహాన్ని విడవడం అనే రెండు మెట్లూ కలిసి ఉండేవి. అచ్చు వచ్చాక మొదటి మెట్టు అనవసరమని అనిపించింది. ముద్రణల మధ్య భాషాభేదం, పుటల్లోని చేతిరాత, చవక కాగితపు బలహీనత గమనిస్తే అది ఇప్పటికీ అవసరమేనని తెలుస్తుంది.

డిగ్రాంజెస్, ఆనందరాయర్ విశాఖలో కూర్చి రాసిన సువార్తలు మన గ్రంథాలయ సూచికల్లో ఉన్నాయి. ఆ పరంపరలో వచ్చిన ముద్రణలను బుచ్చయ్యపేట, చోడవరం, అనకాపల్లి చుట్టుపక్కల ఇళ్లు ఎలా చదివాయన్నది మాత్రం ఏ సూచికలోనూ ఉండదు. దానికి ఆధారాలు పెట్టెల అడుగున, అటకల మీద ఉన్నాయి. ప్రతి వర్షాకాలమూ వాటిలో కొన్నింటిని తగ్గిస్తోంది. తెలుగు శాఖలు ఈ పనికి త్వరగా పూనుకోవాలని ఈ వ్యాసం మనవి.